పాత వీణ గొంతు ఎందుకు వేరుగా ఉంటుంది? కర్ర వయసు, వాయింపు, వాతావరణం: దేని వాటా ఎంత

క్లుప్తంగా: వయసుతో కర్ర మారే మాట నిజమే. ఆ మార్పును ప్రయోగశాలల్లో కొలిచారు కూడా. కాకపోతే అది దశాబ్దాల మీద, శతాబ్దాల మీద జరిగే పని. వాయించడం వల్ల కర్రే మారిపోతుందనడానికి దొరికిన ఆధారాలు మాత్రం బలహీనంగా ఉన్నాయి. కొన్న ఏడాది, రెండేళ్లకే నాదం విచ్చుకున్నట్టు అనిపిస్తే అందుకు ఎక్కువగా కారణమయ్యేవి గాలిలో తేమ, తీగలు, తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి, వేలితో తీగను నొక్కే మెట్ల కింది మైనం, వాయించే చెయ్యి.

వీణ కొనాలనుకునే ఇంట్లో ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తారు: కొత్తది ఎందుకు, పాతది దొరికితే చూడండి, దాని నాదమే వేరు. వయొలిన్ నేర్పే మాస్టార్లలోనూ ఈ నమ్మకం గట్టిగా ఉంది. కొత్త వాద్యం మొదట్లో బిర్రబిగుసుకుని పలుకుతుందని, రోజూ సాధన చేస్తుంటే మెల్లగా గొంతు విప్పుతుందని, మూలన పడేస్తే మళ్లీ మూగబోతుందని అంటారు. గిటార్ దుకాణాల్లోనైతే ఈ నమ్మకం ఏకంగా సరుకైపోయింది. వేడిచేసి 'వయసు తెప్పించిన' చెక్కతో చేసిన మోడళ్లకు ధర ఎక్కువ. తీగల మీద తగిలించి రోజుల తరబడి వాద్యాన్ని వణికించే చిన్న యంత్రాలు కూడా అమ్ముతున్నారు.

వీటిలో ఏది నిజం, ఏది అమ్మకపు మాట అన్నది తేలాలంటే ముందు ఒక చిక్కుముడి విప్పాలి. 'పాతబడటం' అనే ఒక్క మాట కింద మూడు పనులు కలిసిపోయాయి. కర్రలోని రసాయనాలు ఏళ్ల మీద మారడం ఒకటి. గాలిలో తేమను బట్టి కర్ర రోజూ ఉబ్బడం, కుంచించుకోవడం రెండోది. వాయింపు వల్ల కలిగే అదురు, అరుగుదల మూడోది. మూడింటి వేగాలూ వేరు, ఆధారాల బలమూ వేరు.

కర్రలో ఏళ్లు చేసే పని

తీగ సన్నగా ఉంటుంది. అది తనంతట తాను గాలిని పెద్దగా కదిలించలేదు. తీగ అదురు బ్రిడ్జి మీదుగా కింది పలకకు చేరితే, ఆ పలక గాలిని కదిలిస్తుంది. మనకు వినిపించే నాదంలో ఎక్కువ భాగం అదే. కాబట్టి పలక ఎంత బరువుంది, ఎంత గట్టిగా వంగకుండా నిలుస్తుంది, అందిన అదురులో ఎంత భాగాన్ని లోపలే వేడిగా మార్చి మింగేస్తుంది అన్న మూడు విషయాలు దాని పలుకును నిర్ణయిస్తాయి. తేలిగ్గా, గట్టిగా ఉంటూ తక్కువ మింగే కర్ర వాద్యానికి మంచి కర్ర. ఐరోపాలో వయొలిన్ పైపలకకు స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు కర్ర వాడటానికి కారణం అదే. దాని బరువు ఘనమీటరుకు సుమారు 400 కిలోలే. పోగు వెంట మాత్రం శబ్దం సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది.

ఏ కర్రలోనైనా ప్రధానంగా ఉండేవి మూడు పదార్థాలు. సెల్యులోజ్ పోగులు బలాన్నిస్తాయి. లిగ్నిన్ ఆ పోగులను పట్టి ఉంచుతుంది. రెండింటి మధ్య ఉండేది హెమీసెల్యులోజ్. మూడింటిలో బలహీనమైనది ఇదే, నీటిని ఎక్కువగా పీల్చేదీ ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ ముందు విరిగిపోయేది కూడా ఇదే. అది తరిగితే కర్ర బరువు కొద్దిగా తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అదే గాలిలో ఆ కర్ర మునుపటికన్నా తక్కువ తేమ పట్టుకుంటుంది. తేమ తక్కువైన కర్ర అదురును తక్కువ మింగుతుంది.

ఇది ఊహాగానం కాదు. తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మూడు శతాబ్దాల కిందటి ప్రసిద్ధ వయొలిన్ తయారీదారు స్ట్రాడివరీ వాద్యాల మరమ్మతుల్లో ఊడివచ్చిన మేపుల్ కర్ర ముక్కలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో హెమీసెల్యులోజ్ గణనీయంగా విచ్ఛిన్నమైంది, తేమ పట్టే గుణం కొత్త మేపుల్‌కన్నా తగ్గింది. అల్యూమినియం, కాల్షియం, రాగి, జింక్ వంటి మూలకాలు మామూలు కర్రలో ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనిపించాయి. అంటే స్ట్రాడివరీ ఊరైన ఇటలీలోని క్రెమోనాలో ఆనాడు కర్రను ఏవో లవణాలతో శుద్ధి చేసి ఉండాలి. పురుగు పట్టకుండా చేశారా, నాదం కోసం చేశారా అన్నది ముక్కలను చూసి చెప్పలేం.

మరింత పాత కర్ర మీద లెక్కలు జపాన్ నుంచి వచ్చాయి. హోర్యూజి ఆలయంలోని హినోకి (జపాన్ సైప్రస్) దూలాల వయసు సుమారు 1,300 ఏళ్లు. జిరో కొహారా అనే పరిశోధకుడు అలాంటి పాత కట్టడాల కర్రను పరీక్షించి, నరికిన తర్వాత రెండు మూడు శతాబ్దాల దాకా బలం పెరుగుతూ పోయి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని చెప్పారు. ఈ మాట వాద్యాల వాళ్లకు బాగా నచ్చింది, ఎందుకంటే స్ట్రాడివరీ వయొలిన్లు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాయి. తర్వాత క్యోటో పరిశోధకులు చేసిన కొలతల్లో మాత్రం పోగు వెంట గట్టిదనం పెద్దగా మారలేదు. పాత కర్ర పెళుసుబారడం స్పష్టంగా కనిపించింది. మొదటి మాటకు దొరికినంత ప్రచారం రెండో మాటకు దొరకలేదు.

మార్పు పరిమాణం ఎంతో కూడా చూడాలి. పలక సహజంగా పలికే స్థాయి దాని గట్టిదనాన్ని బరువుతో భాగించగా వచ్చే సంఖ్యకు వర్గమూలం లెక్కన నడుస్తుంది. కర్ర బరువు 1 శాతం తగ్గి, గట్టిదనం అలాగే ఉంటే ఆ స్థాయి అర శాతం పెరుగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరంలో అది పదో వంతు కూడా ఉండదు. అదురును మింగే గుణంలో మార్పు ఇంతకన్నా వినబడేది. మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తుంది, మూలస్వరంతో కలిసి వినిపించే పై స్థాయి స్వరాంశాలు ఎంత తేటగా వస్తాయి అన్నది దాని మీద ఉంటుంది.

17వ శతాబ్దపు చలికాలాల్లో చెట్లు నెమ్మదిగా పెరగడం వల్లే క్రెమోనా వాద్యాలు అంత బాగా పలుకుతాయని 2003లో ఒక ప్రతిపాదన వచ్చింది. వార్నిష్ రహస్యాల కథలకు లెక్కే లేదు. చలికాలం వాదం నిజమే అనుకున్నా అది చెట్టు పెరిగిన తీరుకు సంబంధించినది. వాద్యం పాతబడటానికీ దానికీ సంబంధం లేదు.

హెమీసెల్యులోజ్ తరగడమే అసలు సంగతైతే దాన్ని త్వరగా తరిగించవచ్చు కదా అన్నది గిటార్ కంపెనీల ఆలోచన. ఆక్సిజన్ తక్కువగా ఉండే పొయ్యిలో కర్రను సుమారు 150 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే శతాబ్దాల రసాయన మార్పులో కొంత భాగం కొన్ని గంటల్లో జరిగిపోతుంది. యమహా, మార్టిన్ వంటి కంపెనీలు తమ తమ పేర్లతో ఈ పద్ధతిని వాడుతున్నాయి. కర్ర తేమ పీల్చడం నిజంగానే తగ్గుతుంది. దానితోపాటు పెళుసుదనమూ వస్తుంది, పనివాడి ఉలికి కూడా సులువుగా చిట్లుతుంది. వయసును వేడితో కొంటే దాని కష్టనష్టాలూ వెంటే వస్తాయి.

తేమ: అందరూ మరిచిపోయేది

వానాకాలంలో బిగుసుకుపోయిన తలుపు ఎండాకాలంలో సులువుగా పడుతుంది. వాద్యం పలకకూ జరిగేది ఇదే, కాకపోతే అక్కడ మిల్లీమీటరులో చిన్న భాగం కూడా లెక్కకు వస్తుంది. గాలిలో సాపేక్ష తేమ 80 శాతం ఉంటే కర్ర తన బరువులో సుమారు 16 శాతం నీటిని పట్టుకుంటుంది. 50 శాతం ఉంటే 9, 30 శాతం ఉంటే 6 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఈ మార్పు కొన్ని రోజుల్లో, మహా అయితే వారాల్లో జరుగుతుంది. అంటే ఒక ఏడాదిలో రుతువులు మారినప్పుడు కర్ర బరువులోనూ, అదురును మింగే గుణంలోనూ వచ్చే తేడా, వందేళ్ల వృద్ధాప్యం తెచ్చే తేడాకన్నా ఎక్కువగా ఉండవచ్చు.

కొత్త వాద్యాల విషయంలో దీనికి మరో కోణం ఉంది. పూర్తిగా ఆరని కర్రతో చేసిన వీణ ఇంటికి వచ్చాక ఇంకా ఆరుతూనే ఉంటుంది. పైన వేసిన పాలిష్, వార్నిష్ కూడా నెలల తరబడి గట్టిపడుతుంటాయి. మొదటి ఏడాదిలో నాదం తేటపడిందని చెప్పే వాళ్ల చెవి అబద్ధం చెప్పకపోవచ్చు. అయితే దానికి కారణం రోజువారీ సాధన కాకుండా తయారీలో మిగిలిపోయిన తేమ బయటికి పోవడం కావచ్చు. ఆ వీణను పెట్టెలో పెట్టినా అంతే మార్పు వచ్చేది.

విదేశాలకు వెళ్లే వీణలకు ఇదే పెద్ద గండం. ఉత్తరాంధ్ర తీరపు తేమలో తయారైన వీణ అమెరికాలో హీటర్ నడిచే ఇంట్లో మొదటి శీతాకాలం గడపాలి. అక్కడ గదిలో తేమ 25 శాతానికి పడిపోవడం మామూలే. లెక్క వేస్తే కర్రలో నీరు 15 శాతం నుంచి 5 శాతానికి దిగుతుంది. తేమ 1 శాతం తగ్గితే కర్ర అడ్డంగా సుమారు 0.2 శాతం కుంచించుకుంటుందని పెట్టుకుంటే, 30 సెంటీమీటర్ల పలకలో అది 6 మిల్లీమీటర్లు. వీణకు వాడే పనస ఈ విషయంలో కొంత నయమైన కర్రే. అయినా అతుకుల దగ్గర బిగించి ఉన్న పలకకు అంత చోటు ఎక్కడిది? పగులుతుంది. అందుకే తేమ కొలిచే చిన్న మీటరు, పెట్టెలో పెట్టే తేమ సంచులు అక్కడి తెలుగు ఇళ్లలో వీణతో పాటు కొనాల్సిన వస్తువులయ్యాయి.

వాయిస్తే కర్ర మారుతుందా?

ఈ ప్రశ్న దగ్గరే వాదన వేడెక్కుతుంది. వాయించడం వల్ల కర్రలో ఏదో సడలుతుందని చెప్పడానికి భౌతికశాస్త్రం నుంచి కొంత ఆధారం లేకపోలేదు. 1996లో లండన్‌కు చెందిన హంట్, బల్సాన్ అనే ఇద్దరు పరిశోధకులు స్ప్రూస్ పట్టీలను తేమ గాలిలో చాలాసేపు అదిరించి, వాటి గట్టిదనం కొంత పెరిగిందని, అదురును మింగడం కొంత తగ్గిందని 'నేచర్' పత్రికలో రాశారు. జపాన్‌లో అంతకుముందు చేసిన ప్రయోగాల్లోనూ ఇలాంటి ధోరణే కనిపించింది. అయితే ఇవి పట్టీలు, వాద్యాలు కావు.

అసలు వాద్యాల మీద చేసిన పరీక్షల్లో ఆస్ట్రేలియాది చెప్పుకోదగ్గది. సిడ్నీలో హ్యారీ వాటిలియోటిస్ అనే తయారీదారు ఒకే చెట్టు కర్రతో ఒకేలాంటి రెండు వయొలిన్లు చేశాడు. ఒకటి పవర్‌హౌస్ మ్యూజియంలో నియంత్రిత వాతావరణంలో ఉండిపోయింది. రెండోది ఒక వృత్తి కళాకారుడి చేతికి వెళ్లి క్రమం తప్పకుండా మోగింది. మూడేళ్ల తర్వాత న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ బృందం రెండింటినీ వాయించేవాళ్లకూ, వినేవాళ్లకూ ఇచ్చి తేడా అడిగింది. గణాంకాల లెక్కలో నిలిచే తేడా ఏదీ తేలలేదు. మూడేళ్లు తక్కువనేవాళ్లు ఉంటారు. నిజమే కావచ్చు, కానీ "ఆర్నెల్ల సాధనతో వాద్యం తెరుచుకుంటుంది" అన్న మాటకు మూడేళ్లు చాలా ఎక్కువ.

వణికించే యంత్రాల మీద 2014లో ఒక అధ్యయనం వచ్చింది. గిటార్లకు ఆ చికిత్స చేసి, ముందూ వెనకా కొలిచి, వాయించేవాళ్ల అభిప్రాయాలూ తీసుకున్నారు. అక్కడా చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆ యంత్రాల అమ్మకాలు మాత్రం ఆగలేదు.

చరిత్రలోనూ రెండు కొసలు కనిపిస్తాయి. స్ట్రాడివరీ 1716లో చేసిన 'మెసయ్య' వయొలిన్ ఆక్స్‌ఫర్డ్‌లోని అష్మోలియన్ మ్యూజియంలో ఉంది. దాన్ని దాదాపు ఎవరూ వాయించలేదు, నిన్న చేసినట్టు మెరుస్తూ ఉంటుంది. ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన 1743 నాటి వయొలిన్, మరో క్రెమోనా తయారీదారు గ్వార్నెరీ చేసిన 'ఇల్ కన్నోనె', జెనోవా నగరం ఆధీనంలో ఉంది. దాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి ఎంపిక చేసిన కళాకారుల చేత మోగిస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి ఉంటే చర్చ కొంత ముందుకు సాగేదేమో. కానీ ఇద్దరు తయారీదారులు, రెండు రకాల కొలతలు, ఒకదానికి మోగే అనుమతే లేదు. ఇంత ఖరీదైన వస్తువుల మీద నియంత్రిత ప్రయోగం చేయనిచ్చే యజమాని దొరకడు. ఈ రంగంలో ఆధారాలు పలచగా ఉండటానికి సగం కారణం ఇదే.

వీణలో మారేది ఎక్కడ?

ఇక్కడిదాకా చెప్పిన కొలతలన్నీ స్ప్రూస్, మేపుల్, హినోకి వంటి చలిదేశపు కర్రల మీద చేసినవి. ఆ అంకెలను పనసకు యథాతథంగా అంటగట్టకూడదు. హెమీసెల్యులోజ్ పనసలోనూ ఉంది, దాని రసాయనమూ అదే దారిలో నడుస్తుంది. వీణలో అంతకన్నా వేగంగా మారే భాగాలు వేరే ఉన్నాయి.

విజయనగరం జిల్లాలో బొబ్బిలి పక్కన ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా పనస దుంగను తొలిచి వీణలు చేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొబ్బిలి వీణలో కుండ (గుండ్రటి బోలు భాగం), దండి (పొడవాటి మెడ) ఒకే దుంగ నుంచి వస్తాయి. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు లేకపోవడం వల్ల అదురు ఒక భాగం నుంచి మరో భాగానికి సాఫీగా పోతుందని, తేమ మార్పులకు అతుకులు సడలే బాధ తప్పుతుందని దీన్ని ఇష్టపడేవాళ్లు చెబుతారు. రెండో మాట నిర్మాణపరంగా సులువుగా ఒప్పుకోదగ్గది. తొలిచిన కుండ మీద మూత వేసే పలక మాత్రం విడిగానే వస్తుంది, నాదానికి కీలకమైనది ఆ పలకే.

తాజాగా కోసిన పనస చేవ పసుపుగా ఉంటుంది. గాలి, వెలుతురు తగిలి ఏళ్ల మీద ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. పాత వీణను చూడగానే గుర్తుపట్టించేది ఆ రంగే. కానీ రంగు మార్పు జరిగేది పైపొరలో. అది లోపలి కర్ర స్థితిని చెప్పదు, ఇక పాలిష్ కింద రంగు కలిపిన కొత్త వీణ కూడా ముదురుగానే కనిపిస్తుంది. రంగు చూసి నాదం బేరమాడటం చాలామంది చేసే పొరపాటు.

వీణ నాదానికి ప్రత్యేకత తెచ్చేది బ్రిడ్జి. చెక్క బ్రిడ్జి మీద ఒక లోహపు రేకు ఉంటుంది. అది చదునుగా ఉండదు, తీగ వెళ్లే దిశలో సన్నగా వంపు తిరిగి ఉంటుంది. తీగ అదిరేటప్పుడు ఆ వంపును ఒరుసుకుంటూ పోతుంది, తగిలే చోటు క్షణక్షణం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దానితో పై స్థాయి స్వరాంశాలు పుట్టి నాదానికి ఆ గలగల, ఆ నిడివి వస్తాయి. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో వీణ, తంబురాల మీద రాసిన పరిశోధనలో ఇదే చూపించారు. మామూలు సూత్రం ప్రకారం తీగను ఒక చోట మీటితే కొన్ని స్వరాంశాలు రాకూడదు. వీణలో అవి నిక్షేపంగా వినిపిస్తాయి, అందుకు కారణం వంపు తిరిగిన ఆ బ్రిడ్జే.

ఇప్పుడు ఆ రేకుకు వాయింపు ఏం చేస్తుందో చూడాలి. సారణి, పంచమం ఉక్కు తీగలు. గమకం పలికించడానికి తీగను పక్కకు లాగిన ప్రతిసారీ బిగువు పెరిగి తగ్గుతుంది, రేకు మీద తీగ కొద్దిగా కదులుతుంది. ఏళ్లు గడిస్తే తీగ కూర్చునే చోట వెంట్రుకంత గాడి పడుతుంది. కొత్త రేకు మీద వంపు సరిగా కుదరక గరగరగా ఉన్న నాదం, మొదట్లో ఈ అరుగుదల వల్లే నునుపెక్కవచ్చు. గాడి లోతైతే అదే తీగ వంపును ఒరుసుకోలేక మొద్దుబారుతుంది. రేకును సానబట్టి వంపు తిరిగి సరిచేయగానే వీణ మళ్లీ పలుకుతుంది. ఈ మొత్తం కథలో కర్ర చేసిందేమీ లేదు.

మెట్లదీ ఇదే సంగతి. వీణకు 24 మెట్లు. వాటిని మైనంలో నల్లపొడి కలిపి చేసిన ముద్దలో నిలబెడతారు. ఆ మైనం ఎండకు మెత్తబడుతుంది, ఏళ్ల మీద గట్టిపడి బీటలిస్తుంది, వేలి ఒత్తిడికి మెట్టు వెంట్రుకవాసి కుంగుతుంది. కుంగిన మెట్టు దగ్గర స్వరం చెదరడమే కాదు, తీగ పక్క మెట్టును తాకి జీరపోతుంది. గమకాల కోసం ఎక్కువగా లాగే మెట్ల మీద గాళ్లు పడతాయి. అందుకే కొన్నేళ్లకోసారి మేళం, అంటే మైనంలో మెట్ల అమరిక, మళ్లీ కట్టించాలి. మేళం కట్టించిన వీణను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు నాదం 'తిరిగొచ్చింది' అంటారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం, అయితే ఆ ఘనత మైనానిదీ, లోహానిదీ.

తీగల విషయం చెప్పనక్కరలేదు. చెమట, తుప్పు పట్టి తీగ మందం ఎగుడుదిగుడైతే పై స్థాయి స్వరాంశాలు ముందు చచ్చిపోతాయి. కొత్త తీగలు వేసిన రోజు తేడా ఏ శ్రోతకైనా తెలుస్తుంది. ఇక ఇప్పటి కచేరీల్లో చాలా వీణల పలకకు కాంటాక్ట్ మైకు అంటించి ఉంటుంది. హాలులో వినిపించేది కర్ర నాదం ఎంత, యాంప్లిఫైయర్ నాదం ఎంత అన్నది విడదీయడం నిపుణులకే కష్టం.

చెవి చెప్పే సాక్ష్యం

పాత వాద్యం గొప్పదన్న నమ్మకాన్ని నేరుగా పరీక్షించింది క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ కళాకారులకు మూడు కొత్తవి, మూడు పాతవి ఇచ్చారు. పాతవాటిలో రెండు స్ట్రాడివరీలు, ఒకటి గ్వార్నెరీ. వెలుతురు తక్కువున్న గదిలో, ముదురు కళ్లద్దాలతో వాయించారు. ఎక్కువమందికి నచ్చింది ఒక కొత్త వయొలిన్. అన్నింటికన్నా తక్కువగా నచ్చింది ఒక స్ట్రాడివరీ. 2012లో పారిస్ దగ్గర ప్రపంచస్థాయి సోలో కళాకారులు పదిమందితో, ఆరు పాతవి, ఆరు కొత్తవి పెట్టి మళ్లీ చేశారు. పదిమందిలో ఆరుగురు తమ సొంత వాద్యానికి బదులుగా తీసుకెళ్లడానికి కొత్తదాన్నే ఎంచుకున్నారు. ఏది పాతది, ఏది కొత్తది అన్న ఊహలు బొమ్మా బొరుసూ వేసినట్టే తేలాయి. 2017లో ప్రచురించిన మూడో విడతలో హాలులోని శ్రోతలు కూడా కొత్తవాటి వైపే మొగ్గారు.

ఈ పరీక్షల మీద విమర్శలున్నాయి. వాద్యాల సంఖ్య తక్కువ. పాతవాటి తీగలు, అమరిక మార్చే వీలు లేదు. గొప్ప వాద్యం తన గుట్టు నెలల తరబడి సాధన చేస్తేనే విప్పుతుందని కళాకారులు అంటారు. మూడో విమర్శలో బలం ఉంది, కానీ అది వేరే చోటికి దారితీస్తుంది. నెలల సాధనలో మారుతున్నది చెయ్యే అయితే, "వాద్యం తెరుచుకుంది" అన్న అనుభవానికి పెద్ద వాటా వాయించేవాడిదే. ఏ మెట్టు మీద ఎంత లాగాలి, ఎక్కడ గట్టిగా మీటితే నాదం చెదురుతుంది అన్నది వేళ్లు నేర్చుకుంటాయి.

ఇంకో తిరకాసు ఎంపికలో ఉంది. స్ట్రాడివరీ చేసిన వాద్యాల్లో దాదాపు 650 ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. అదే కాలంలో మామూలు పనివాళ్లు చేసినవి వేల సంఖ్యలో విరిగి, పొయ్యిలోకి పోయాయి. బాగా పలికినదాన్ని జాగ్రత్తగా దాచుకుంటారు, పలకనిదాన్ని ఎవరూ మరమ్మతు చేయించరు. మన ఇళ్లలోని తాతల నాటి వీణలకూ ఈ జల్లెడ వర్తిస్తుంది. మిగిలినవాటిని చూసి పాతవన్నీ బాగుండేవనుకోవడం లెక్క తప్పడమే.

పైగా ఆ పాత వయొలిన్లు పాతవి పాతగా లేవు. 19వ శతాబ్దంలో దాదాపు అన్నింటికీ మెడ మార్చి కోణం పెంచారు, పైపలకకు లోపల ఆసరాగా ఉండే బేస్ బార్ అనే పట్టీని పెద్దది వేశారు. పేగు తీగల స్థానంలో ఉక్కు, సింథటిక్ తీగలు వచ్చాయి. స్ట్రాడివరీ తన చెవితో విన్న నాదం ఇప్పటి కచేరీలో వినిపించదు.

ధరల మీద, వస్తువుల మీద ప్రభావం

2011లో 'లేడీ బ్లంట్' అనే స్ట్రాడివరీ వయొలిన్ 1.59 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ సొమ్ము జపాన్ సునామీ బాధితుల సాయానికి వెళ్లింది. అంత ధర నాదానికి పెట్టినది కాదని కొన్నవాళ్లకూ తెలుసు. అది చరిత్రకూ, అరుదుదనానికీ, పెట్టుబడికీ కట్టిన వెల. ఏది ఏదో తెలియకుండా వాయించి చూసిన ఆ పరీక్షల ఫలితాలు వచ్చాక కూడా పాతవాటి ధరలు పడిపోకపోవడానికి కారణం అదే. కొత్త తయారీదారులకు మాత్రం వాటివల్ల మేలు జరిగింది.

వయసు ఒక దిశలోనే పనిచేయదు. హెమీసెల్యులోజ్ తరిగిన కర్ర పెళుసు. ఏళ్ల తరబడి తీగల బిగువు మోసిన గిటార్ పలక బ్రిడ్జి వెనక ఉబ్బుతుంది, మెడ వంగుతుంది. క్రెమోనాలో 2019 జనవరిలో మొదలుపెట్టి ఐదు వారాల పాటు, అక్కడి మ్యూజియంలోని స్ట్రాడివరీ, గ్వార్నెరీ, అమాటీ వాద్యాల ప్రతి స్వరాన్నీ రికార్డు చేశారు. బయటి చప్పుడు మైకుల్లో పడకుండా చుట్టుపక్కల వీధుల్లో వాహనాలు ఆపేశారు, ఊరివాళ్లను సద్దు చేయొద్దని మేయర్ కోరారు. ఈ వాద్యాలు ఏదో ఒకరోజు వాయించలేనంత బలహీనపడతాయన్న భయమే ఆ పనికి కారణం.

పాత వీణ కొనేవాళ్లకు దీన్నుంచి పనికొచ్చే విషయాలు కొన్నే. దుకాణంలో పాత వీణనూ కొత్త వీణనూ పక్కపక్కన వాయించి చూడటం వల్ల పెద్దగా తెలిసేదేమీ ఉండదు. ఒకదానికి నిన్న వేసిన తీగలు, ఇంకొకదానికి రెండేళ్లనాటివి ఉంటే వినిపించే తేడా తీగలదే. రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేయించి, ఒకే శ్రుతిలో పెట్టి, వినేవాళ్లను వెనక్కి తిరిగి కూర్చోబెట్టి, ఒకే చేత్తో వాయించాలి. పాత వీణకు మేళం కట్టించి ఎన్నాళ్లైందో అడిగి, ఆ ఖర్చు ధరలో కలుపుకోవాలి. పలక మీద పోగు వెంట సన్నటి బీటలు, కుండకూ పలకకూ మధ్య అతుకు విడిచిన చోటు, దండి మీద తీగ మరీ ఎత్తుగా నిలవడం చూసుకోవాలి. మేళం, రేకు, తీగలు మార్చుకోవచ్చు. దండి వంగితే మాత్రం బాగుచేయించడం చాలా కష్టం, ఏకాండి వీణలో ఇంకా కష్టం.